వేరే మతం స్నేహితులతో ఎలా మెలగాలో హైస్కూల్ పిల్లలకు ఎలా నేర్పాలి?

మీ అమ్మాయి తొమ్మిదో తరగతి అన్నారు. చవితికి తీసుకెళ్లిన ఉండ్రాళ్లు చర్చికి వెళ్లే స్నేహితురాలు వద్దందని, అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవని రాశారు. నేను కడప జిల్లాలో ఒక హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఇలాంటివి మాకు తరచూ ఎదురవుతుంటాయి. దీన్ని మతద్వేషం అనుకుని టెన్షన్ పడకండి. ఆ వయసు పిల్లలకు నొప్పించకుండా వద్దనడం రాదు, ఎదుటివాళ్లు వద్దంటే తేలిగ్గా తీసుకోవడమూ రాదు. రెండూ నేర్పితే వచ్చేవే.

మా క్లాసులో ఒకడు లడ్డూ పెట్టబోతే ఇంకొకడు చెయ్యి గబుక్కున వెనక్కి లాక్కున్నాడు. పెట్టినవాడి మొహం మాడిపోయింది. వెనక బెంచీ నుంచి "మా దేవుడిదైతే చేదా?" అని ఒక కేక. సహనం మీద ఉపన్యాసం ఇస్తే ఆ వేడిలో ఎవరికీ ఎక్కదు. అందుకని వాళ్లిద్దరితోనే మళ్లీ అనిపించాను. "మా ఇంట్లో ప్రసాదం తినం రా, ఏమనుకోవద్దు. రేపు మీ అమ్మ చిత్రాన్నం కడితే మాత్రం నాకు కావాలి." "సరేలే, రేపు తెస్తా." తర్వాత క్లాసంతా ఇద్దరిద్దరుగా అదే అభ్యాసం చేశారు. రంజాన్ నెలలో రోజా ఉన్నవాణ్ణి "నీళ్లు కూడా తాగవా?" అని ఆటపట్టించేవాళ్లే, "సాయంత్రం ఎన్నింటికి విడుస్తావు?" అని అడగడం మొదలుపెట్టారు.

ఇంకో పని కూడా చేయించాను. ఉగాది నాడు మా కడపలోని దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు వస్తారు కదా, ఎందుకొస్తారో ఇంట్లో అవ్వాతాతల్ని అడిగి రాసుకురమ్మన్నాను. స్వామి భార్యగా చెప్పుకునే బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచని, అందుకే వెంకటేశ్వరస్వామి తమకు అల్లుడని ఒక ముస్లిం అమ్మాయి చదువుతుంటే క్లాసంతా చెవులప్పగించి విన్నారు. కడపలోనే ఉన్న పెద్ద దర్గా ఉరుసుకు తమ ఇంట్లోవాళ్లూ వెళ్తారని హిందువుల పిల్లలు చెప్పారు.

బడి వాళ్లే పూజో ప్రార్థనో పెట్టి అందరూ పాల్గొనాలని బలవంతం చేస్తే మాత్రం అది వేరే సంగతి. మన రాజ్యాంగం 28వ అధికరణం దానికి ఒప్పుకోదు. మీరు వెళ్లి హెడ్‌మాస్టర్‌తో మాట్లాడొచ్చు.

ఇప్పటికైతే మీ అమ్మాయిని సారీ చెప్పమని ఒత్తిడి చేయకండి. ఒక శనివారం ఆ పిల్లను భోజనానికి పిలవండి. ముందు వాళ్లమ్మకు మీరే ఫోన్ చేసి, ఏం తింటారో, ఏం తినరో అడగండి. ఆ మాట్లాడేటప్పుడు మీ అమ్మాయిని పక్కనే కూర్చోబెట్టుకోండి.