పేరు అడిగిన తర్వాత

సైదాబాద్, హైదరాబాద్

చి. మధుకి,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ అమ్మ మీద అభిమానంతో, రెండోసారి పెన్సిలు పట్టుకుని. నువ్వు ఫోన్లో మాటకి ముందొకసారి, వెనకొకసారి "మేడమ్" అంటుంటే రిటైరైన ఆఫీసులో మళ్లీ కూర్చున్నట్టుంది. మీ అమ్మా నేనూ హాస్టల్లో మూడేళ్లు ఒకే గదిలో ఉన్నాం. పిన్నీ అను చాలు.

కోఠీలో గోకుల్ చాట్ దుకాణం దగ్గర జరిగిన పేలుడు మీద రాశావు. 2007 ఆగస్టు 25, శనివారం. అప్పటికి నీకు నాలుగేళ్లు. నీకు తెలిసిందంతా యూట్యూబ్‌లోంచి వచ్చిందని మూడో పేజీకే అర్థమైంది. అందులో తప్పేం లేదు. కాకపోతే వీడియోల్లో పొగ, పరుగులు, అంబులెన్సులే ఉంటాయి. నీ కథలోనూ అవే ఉన్నాయి.

నేను లెక్కపెట్టాను. నీ కథలో పదకొండు మంది చనిపోతారు. ఒక్కరికీ పేరు లేదు. "ఒక తల్లి", "గులాబీ గౌను పాప", "కొత్తగా పెళ్లయిన జంట". పేర్లున్నది ఇద్దరికే. బాంబు పెట్టినవాడికీ, వాణ్ణి పట్టుకున్న ఇన్‌స్పెక్టర్‌కీ. నువ్వు కావాలని చేసుండవు. కానీ బాంబు పెట్టినవాడు ఆ జనాన్ని ఎలా చూశాడో నువ్వూ అలాగే చూశావు. వాడికి వాళ్ల పేర్లతో పనిలేదు. ఎవరైనా సరే, ఎంతమందైతే అంత మంచిది.

ఆ సాయంత్రం మొదట లుంబినీ పార్కులో లేజర్ షో దగ్గర పేలింది. నిమిషాల తేడాతో కోఠీలో. రెండుచోట్లా కలిపి 40 మందికి పైగా పోయారు. లుంబినీలో పోయినవాళ్లలో మహారాష్ట్ర నుంచి స్టడీ టూర్‌కి వచ్చిన ఇంజినీరింగ్ పిల్లలున్నారు. మన ఊరు చూడ్డానికి వచ్చారు, అంతే. మూడో బాంబు దిల్‌సుఖ్‌నగర్‌లో ఫుట్‌ఓవర్ బ్రిడ్జి దగ్గర పెట్టారు, అది పేలలేదు. ఆ సాయంత్రం అటుగా నడిచి వెళ్లిన వేలమందిలో నేనూ ఉన్నాను, కూరగాయల సంచితో. బతికిపోయానన్న సంగతి మర్నాడు పేపర్లో చదివి తెలుసుకున్నాను.

"గుండె గుభేల్మంది" అని నాలుగుచోట్ల రాశావు. మూడు కొట్టేశాను, నాలుగోది నువ్వు కొట్టెయ్యి. గుండె గుభేల్మనేది మొదటి వారమే. తర్వాత భయం అలవాట్లలోకి దిగిపోతుంది. సినిమా హాల్లో కూర్చునేముందు సీటు కింద చేత్తో తడుముకుంటాం. సిటీ బస్సులో కండక్టరు "ఈ సంచి ఎవరిదీ?" అని అరిస్తే బస్సంతా ఊపిరి బిగబడుతుంది, ఎవరో ముసలాయన "నాదేనయ్యా" అంటూ కునుకులోంచి లేస్తాడు, అందరూ ఆయన మీద విసుక్కుంటారు. పిల్లలు చాట్ తిందామంటే ఇంట్లోనే చేస్తాలే అంటాం. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో మళ్లీ పేలాయి. ఈసారి టిఫిన్ బాక్సుల్లో పెట్టి సైకిళ్లకి తగిలించారు. మా నాన్న ముప్పై ఏళ్లు అలాంటి సైకిలు మీదే, వెనక క్యారియర్‌కి డబ్బా కట్టుకుని డ్యూటీకి వెళ్లాడు. ఆ పేలుళ్ల తర్వాత డబ్బా కట్టిన సైకిలు ఎక్కడ ఆపి ఉన్నా నేను రోడ్డు దాటి అవతలివైపు నడిచేదాన్ని. నాన్న పోయి అప్పటికి పదేళ్లు. ఆయన గుర్తుగా మిగిలిన ఒక్క వస్తువునీ నాకు అలా తయారుచేసి పెట్టారు. భయం గురించి రాయాలంటే ఇలాంటివి వెతుక్కో. మీ ఇంట్లోనే దొరుకుతాయి.

ఇక నీ ఇన్‌స్పెక్టర్. ఒక కుర్రాణ్ణి పట్టుకొస్తాడు, రాత్రంతా థర్డ్ డిగ్రీ, తెల్లారేసరికి నిజం బయటికొస్తుంది. చదివేవాళ్లు చప్పట్లు కొడతారని నీకు తెలుసు. కొడతారు కూడా. కానీ నీ కథ జరిగిన సంవత్సరంలోనే, దానికి మూడు నెలల ముందు, మే 18 శుక్రవారం మక్కా మసీదులో పేలుడు జరిగింది. నమాజు వేళ, వజూఖానా దగ్గర, అంటే నమాజుకి ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే చోట. అందులో 9 మంది చనిపోయారు. ఆ తర్వాత బయట జరిగిన గొడవలో పోలీసు కాల్పుల్లో మరో 5 మంది. ఆ కేసులో, దాని చుట్టూ అల్లుకున్న కేసుల్లో పాతబస్తీ కుర్రాళ్లని డజన్ల కొద్దీ పట్టుకెళ్లారు. కొట్టారని, కరెంటు షాకులిచ్చారని వాళ్లు చెప్పారు. మైనారిటీ కమిషన్ తరఫున విచారించిన న్యాయవాది ఇచ్చిన నివేదిక కూడా ఆ మాటల్నే బలపరిచింది. తర్వాత కోర్టులు వాళ్లని వదిలేశాయి. 2010లో సీబీఐ దర్యాప్తు దారి మారి హిందుత్వ సంస్థలతో సంబంధాలున్న వాళ్ల దగ్గరికి వెళ్లింది. 2018 ఏప్రిల్‌లో ఎన్ఐఏ కోర్టు వాళ్లనీ నిర్దోషులంది. మసీదులో బాంబు పెట్టిందెవరో ఏ తీర్పూ చెప్పలేదు. రాత్రికి రాత్రి నిజం కక్కించే నీ ఇన్‌స్పెక్టర్‌ని ఈ పక్కన నిలబెట్టి చూడు.

ఇంకో సంగతి, నీకు పనికొస్తుంది. పట్టుకెళ్లి వదిలేసిన కుర్రాళ్లకి 2012లో ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది. జైల్లో ఉన్నవాళ్లకి 3 లక్షలు, విచారణకని తీసుకెళ్లి వదిలేసినవాళ్లకి 20 వేలు. దాంతోపాటు మంచి నడవడిక సర్టిఫికెట్లు. మరుసటి ఏడాది హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వుని కొట్టేసింది. నన్ను పట్టుకున్నది డబ్బు సంగతి కాదు, ఆ సర్టిఫికెట్టు. దాన్ని ఆ కుర్రాడు ఇంట్లో ఎక్కడ పెట్టుకుని ఉంటాడు? బీరువాలోనా, పెట్టెలోనా, ఫ్రేము కట్టించి గోడకా? పెళ్లిచూపులకి వెళ్లినప్పుడు జేబులో పెట్టుకుని వెళ్లాడా? నువ్వు కథ రాయాలంటే ఆ కాగితం మీద రాయి.

మా ఇంటికి చంచల్‌గూడ జైలు దగ్గర. ములాఖత్‌కి వచ్చే తల్లుల్ని ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. ఉగ్రవాద కేసుల్లో పెట్టే ఉపా చట్టం కింద చార్జిషీటు లేకుండానే 180 రోజుల దాకా లోపల ఉంచొచ్చు, మామూలు కేసుల్లో అది 60 లేదా 90. ఆరోపణ పైకి నిజమేననిపిస్తోందని కోర్టు అనుకుంటే బెయిలు రాదు. ఆ గేటు దగ్గర కూర్చున్నవాళ్లకి ఈ అంకెలన్నీ నోటికొచ్చు.

పోలీసుల్ని అంటున్నాను కాబట్టి నా సంగతీ చెప్పాలి. 2007 సెప్టెంబర్లో మా మేడ మీద గది ఖాళీ అయింది. టు-లెట్ బోర్డు కట్టాం, అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో నేనే రాశాను. మలక్‌పేటలో మెడికల్ షాపులో పనిచేస్తున్నానంటూ ఒక అబ్బాయి వచ్చాడు. గది చూశాడు, నచ్చిందన్నాడు, అడ్వాన్సు కూడా తెచ్చుకున్నాడు. అప్పుడు నేను పేరడిగాను. చెప్పాడు. "అయ్యో, పొద్దున్నే వేరేవాళ్లు మాటిచ్చి వెళ్లారు బాబూ" అన్నాను. "పర్లేదు ఆంటీ" అని వెళ్లిపోయాడు.

బోర్డు తీయడం మర్చిపోయాను. ఇంకా మూడు వారాలు గేటుకి అలాగే వేలాడింది. ఆ అబ్బాయికి ఆ చుట్టుపక్కలే ఎక్కడో గది దొరికినట్టుంది, రోజూ పొద్దున మా వీధిలోంచే షాపుకి వెళ్లేవాడు. మా ఇల్లు వచ్చేసరికి ఫోన్ చూసుకుంటూ నడిచేవాడు. బోర్డు చూసినట్టు నాకు తెలియకూడదని. నా సిగ్గు నాకు కనబడకుండా తనే దాచిపెట్టాడు, ఇరవై రెండేళ్ల పిల్లవాడు.

బాంబు పెట్టినవాళ్లకి ఎవరి పేరూ అక్కర్లేదు. కుర్రాళ్లని పట్టుకెళ్లినవాళ్లకి పేరొక్కటే సరిపోయింది. నాకూ అదే సరిపోయింది. పైగా అంత పట్టుబట్టి అడిగిన పేరు నాకిప్పుడు గుర్తులేదు. అందుకే ఆ కథ ఇప్పటిదాకా రాయలేకపోయాను. దానికి బదులు, ఆ ఏడాదే గోకుల్ చాట్ మీద రక్తం, ముక్కలైన గాజులతో ఒక కథ రాశాను. ఆదివారం అనుబంధంలో వచ్చింది, చాలామంది మెచ్చుకున్నారు. అది నీ కథకి అక్కలా ఉంటుంది. నీకు ఇంత కోపంగా రాయడానికి అదో కారణం.

మాటల విషయం. "అదుపులోకి తీసుకున్నారు" అని పేపర్లో వస్తే రానీ, నువ్వు రాయకు. రాత్రి ఒంటిగంటకి తలుపు కొట్టి, చెప్పులు కూడా వేసుకోనివ్వకుండా జీపెక్కించారు అని రాయి. "నిందితుడు" వేరు, "దోషి" వేరు. నీ కథలో ఒకే పేజీలో రెండూ ఒకడికే వాడావు. "టెర్రరిజం" అన్న మాట పుట్టుకా చూసుకో. 1793-94లో ఫ్రాన్సులో రాజ్యమే జనాన్ని గిలెటిన్ కిందకి పంపినప్పుడు ఆ పాలనకి పెట్టిన పేరది. మాట తర్వాత చేతులు మారింది.

ఇదంతా చదివి బాంబు పెట్టినవాడికి కష్టాల బాల్యం ఒకటి తగిలించి తీసుకురాకు. గోకుల్ చాట్, లుంబినీ కేసులో 2018లో ఇద్దరికి ఉరిశిక్ష, ఒకరికి యావజ్జీవం పడ్డాయి, ఇద్దరిని వదిలేశారు. ఆ ఇద్దరిని వదిలేశారన్న సంగతీ నీ కథలో ఉండాలి, ఆ ముగ్గురు చేసినదాని బరువు తగ్గకుండా. ఎలా అని నన్నడక్కు. నాకూ చేతకాలేదు.

బాంబుని చివరి పేరాలో పేల్చావు. దాన్ని మొదటి లైనుకి ముందే పేల్చేసి, ఆ తర్వాతి నెలల్లో ఎవరి ఇంట్లో ఏం జరిగిందో రాయి. పదకొండు మంది వద్దు, ఒక్కరు చాలు, పేరు పెట్టు.

శనివారం సాయంత్రం ఖాళీ అయితే రా, కోఠీ వెళ్దాం. గోకుల్ చాట్ ముందు జనం ఇప్పుడూ అలాగే నిలబడి తింటారు. నోట్‌బుక్ తీయకు, ఊరికే తిను. నేను రగడా తింటాను, 2007 తర్వాత ఆరేళ్లపాటు దాని జోలికి పోలేదు. బస్సులోనే వెళ్దాం. సంచి తెచ్చుకుంటే ఒళ్లో పెట్టుకో, సీటు కింద పెట్టకు. నాకది ఇంకా పోలేదు.

ఆశీస్సులతో,
పిన్ని