టార్చి సీను ఉంచు, వాన సీను తీసెయ్

యూసఫ్‌గూడ, హైదరాబాద్

అమ్మాయ్,

నీ నేరకథ సిరీస్‌లో నువ్వు రాసి పంపిన నాలుగు ఎపిసోడ్లూ చదివాను. "నేను ప్రేమకథ రాయలేదు మేడమ్. చదివినవాళ్లంతా సీఐ గారికీ, క్లూస్ టీమ్ అబ్బాయికీ మధ్య ఏదో ఉందంటున్నారు. నిర్మాతలేమో అయితే తొందరగా కలిపెయ్, పాట కూడా పెట్టుకోవచ్చు అంటున్నారు. ఏం చెయ్యను?" అని అడిగావు. నీ టెన్షన్ అర్థమైంది. అయితే చదివినవాళ్లు పొరపాటు పడలేదు. నువ్వు రాయలేదనుకుంటున్నావు గానీ, రాశావు.

మూడో ఎపిసోడ్ తీసి చూడు. చాదర్‌ఘాట్ దగ్గర మూసీ ఒడ్డున పాత గోడౌన్, రాత్రి 2 గంటలు. క్లూస్ టీమ్ అబ్బాయి మోకాళ్ల మీద కూర్చుని ఇనప షట్టరు మీద పౌడరు అద్దుతున్నాడు. సీఐ వెనక నిలబడి టార్చి పట్టుకుంది. "అతను అడక్కముందే ఆమె టార్చిని పక్కకి వాలుస్తుంది" అని రాశావు. వెలుతురు ఎదురుగా పడితే వేలిముద్ర గీతలు కనపడవు, ఏటవాలుగా పడితే తేలతాయి. ఈ సంగతి సీఐకి ఎవరూ చెప్పలేదు. అతని పక్కన నిలబడి, అతను పనిచేస్తుంటే చూసి నేర్చుకుంది. అతను తల కూడా ఎత్తకుండా "ఊఁ" అంటాడు, అంతే. ఆ సీనులో ప్రేమ అనే మాట లేదు, చూపులు కలవడం లేదు. అయినా చదివినవాళ్లు పట్టేశారు. నేనూ పట్టేశాను. నాలుగు ఎపిసోడ్లలోనూ నాకు బాగా నచ్చిన సీను అది.

మిగతా కథల్లోకన్నా నేరాల కథల్లోనే ఇలా ఎక్కువగా ఎందుకు జరుగుతుందో నువ్వు ఆలోచించాలి. చూసేవాడికి ఆధారాలు ఏరడం నేర్పేది మనమే. చొక్కా గుండీ ఊడిందా, గడియారం ఏ చేతికుంది, టీ కప్పులు రెండున్నాయా మూడున్నాయా, ఇవన్నీ గమనించమని మొదటి సీను నుంచీ చెబుతూనే ఉంటాం. అలా తయారైన కన్ను శవం దగ్గరే ఆగిపోదు. అదే కన్నుతో ఆ ఇద్దర్నీ చూస్తాడు. వాళ్లు కలిసి రాత్రిళ్లు పనిచేస్తారు, ఒకరి ప్రాణం ఒకరి చేతిలో పెడతారు, ఒకరి మాట ఇంకొకరు పూర్తి చేస్తారు. హంతకుణ్ని పట్టడానికి వాడిన బుర్రనే ఈ ఇద్దరి మీదా వాడతాడు. అది మన పనికి దక్కిన గౌరవమే.

నువ్వు కూడా అలా చూస్తూ పెరిగినదానివే కదా. సోనీలో 1998 నుంచి 2018 దాకా నడిచిన హిందీ నేరపరిశోధన సీరియల్ సీఐడీ గురించి మొదటి ఫోన్లోనే గంటసేపు చెప్పావు. ఇన్‌స్పెక్టర్ అభిజీత్ ఫోరెన్సిక్ ల్యాబ్‌లోకి రాగానే అతని చూపు డాక్టర్ తారిక వైపు వెళ్లేది, డాక్టర్ సాలుంకే కసురుకునేవాడు, మళ్లీ అందరూ శవం మీద పడేవాళ్లు. ఎపిసోడ్‌కి ఆ 2 నిమిషాలే. ఆ 2 నిమిషాల మీదే అభిమానులు ఇద్దరి పేర్లూ కలిపి 'అభిరిక' అని పిలుచుకుంటూ, తెరమీద జరగనివన్నీ కథలుగా రాసుకున్నారు. అదే సీరియల్లో దయా, శ్రేయల విషయంలోనూ అంతే. మన తెలుగు సీరియల్ ప్రేక్షకులు 'గుప్పెడంత మనసు'లో రిషినీ వసుధారనీ 'రిషిధార' చేసుకున్నారు గానీ, అక్కడ కథే ప్రేమ గురించి. సీఐడీలో కథ హత్య గురించి. అక్కడ ప్రేమను వెతికి తీసుకున్నది చూసేవాళ్లే. వెతికి తీసుకున్నది కాబట్టే అంత గట్టిగా పట్టుకున్నారు.

అమెరికా సీరియల్ ఎక్స్ ఫైల్స్ ఇంకా మంచి పాఠం. 1993లో మొదలైంది. అక్కడి దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐలో ఏజెంట్లు మల్డర్, స్కల్లీ ఇద్దరూ ఒకర్నొకరు దాదాపు ఎప్పుడూ ఇంటిపేర్లతోనే పిలుచుకుంటారు. ఇలాంటి జంటలు కలవాలని కోరుకునే అభిమానులకి 'షిప్పర్లు' అనే పేరు ఆ సీరియల్ చూసినవాళ్ల మధ్యే పుట్టింది. వద్దనేవాళ్ల జట్టూ అక్కడే తయారైంది. మూడో సీజన్‌లో ఎదుటివాళ్ల మనసుని మాటలతో లొంగదీసుకునే ఒక నేరస్తుడి కథ ఉంది. అతను మల్డర్ చేత స్కల్లీకే తుపాకి గురిపెట్టిస్తాడు. చివర్లో ఆ నేరస్తుడు ఆసుపత్రిలో పడి ఉంటే ఇద్దరూ నిలబడి చూస్తుంటారు. స్కల్లీ మల్డర్ చెయ్యి పట్టుకుంటుంది. కొద్ది క్షణాలు. ఎవరూ ఏమీ మాట్లాడుకోరు. ఆ చెయ్యి ఎందుకు పట్టుకుందో చెప్పడానికి వెనక ఎపిసోడ్ మొత్తం ఉంది. నీ టార్చికి వెనక వాళ్లు కలిసి చేసిన కేసులున్నట్టే.

తర్వాత 1998లో సినిమా తీశారు. అందులో మల్డర్ ఇంటి బయట వరండాలో ఇద్దరూ ముద్దు దాకా వస్తారు. సరిగ్గా అప్పుడే స్కల్లీ కాలర్లో దాగిన తేనెటీగ కుడుతుంది. ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లు ఎంత ఉసూరుమన్నారో ఊహించుకో. కానీ రచయితగా చూడు. ఆ తేనెటీగ ఆకాశంలోంచి ఊడిపడింది కాదు. వాళ్లు వెతుకుతున్న కుట్రలోదే, అందులో ఉన్న వైరస్సే కేసుకి అసలు ఆధారం. అంటే వాళ్లకి అడ్డం వచ్చింది కేసే. ఫోను మోగడం, తలుపు కొట్టడం, పక్కింటావిడ రావడం లాంటివి పెడితే ప్రేక్షకుడు రచయిత చెయ్యి చూస్తాడు. కేసే అడ్డం వస్తే రచయిత కనపడడు.

ఇక నిర్మాతలు నీకు రెండు మాటలూ చెబుతారు. ఈ వారం కలిపెయ్యమంటారు. రేటింగు తగ్గితే కలిపినందుకే పడిపోయిందంటారు. రెండోదానికి ఎవరో ఒకరు మూన్‌లైటింగ్ అనే సీరియల్ పేరు తీస్తారు. నీ దగ్గర జవాబు ఉండాలి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

అది అమెరికాలో ఏబీసీ ఛానల్లో 1985లో మొదలైంది. డిటెక్టివ్ ఏజెన్సీ నడిపే మ్యాడీగా సిబిల్ షెపర్డ్, డేవిడ్‌గా బ్రూస్ విల్లిస్. ఇద్దరూ వాదించుకుంటూనే కేసులు ఛేదిస్తారు. 1987 మార్చిలో కథలో ఆ ఇద్దరూ ఒక్కటయ్యారు, 1989లో సీరియల్ ఆగిపోయింది. ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి 'కలిపితే పోతుంది' అనే సూత్రం తయారుచేశారు. మధ్యలో ఏం జరిగిందో చూడరు. షెపర్డ్ కవలలతో గర్భవతి. విల్లిస్ డై హార్డ్ సినిమా షూటింగులో ఉన్నాడు. 1988లో రచయితల సమ్మె. ఇద్దర్నీ ఒక ఫ్రేములో పెట్టడమే కష్టమైపోయింది. మ్యాడీని షికాగోలో తల్లిదండ్రుల దగ్గరికి పంపేశారు, రైల్లో పరిచయమైనవాడితో పెళ్లి చేసేశారు. ప్రేక్షకులు చూడటానికి వచ్చింది ఆ ఇద్దరూ ఒక గదిలో వాదించుకోవడాన్ని. ఆ గదే లేకుండా పోయింది.

దీని పక్కన బోన్స్ సీరియల్ని పెట్టు. 2005లో మొదలైంది. ఎముకలు చదివే శాస్త్రవేత్త బ్రెనన్, ఎఫ్‌బీఐ ఏజెంటు బూత్. అక్కడా నటి ఎమిలీ డెషనెల్ నిజంగానే గర్భవతి అయింది. ఆ రచయితలు బ్రెనన్‌కీ కడుపు రాశారు, బూత్‌తో కాపురం పెట్టించారు, అదే కడుపుతో అస్థిపంజరాల ముందు నిలబెట్టారు. జైల్లో కేసు చూస్తుండగా నొప్పులు మొదలవుతాయి. సీరియల్ 2017 దాకా, 12 సీజన్లు నడిచింది. చిక్కు ఒకటే, దాన్ని ఇద్దరు రెండు రకాలుగా దాటారు. ఒకళ్లు జంటని విడదీసి పనికి దూరం చేశారు, ఇంకొకళ్లు జంటని పనిలోనే ఉంచారు. ప్రేమ వల్ల కథ చావదు అమ్మాయ్. కలిశాక వాళ్లకి చెయ్యడానికి పని లేకపోతే కథ చస్తుంది. ఈ మాట మీటింగులో గట్టిగా చెప్పు, తేదీలతో సహా చెప్పు.

ఇంకో సంగతి నాకు నిజంగా బాధ కలిగించేది. 2010లో వచ్చిన బీబీసీ షెర్లాక్ మొదటి ఎపిసోడ్‌లో ఒక రెస్టారెంటు యజమాని, షెర్లాక్ వెంట వచ్చిన జాన్ వాట్సన్‌ని అతనితో డేట్‌కి వచ్చినవాడనుకుని టేబుల్ మీద కొవ్వొత్తి తెచ్చి పెడతాడు. జాన్ కాదంటాడు. అందరూ నవ్వుకోవడానికి రాసిన సీను. అలాంటివి ఎపిసోడ్ తర్వాత ఎపిసోడ్ పెడుతూ పోయారు. చూసేవాళ్లలో ఎంతోమంది, ముఖ్యంగా తమలాంటి ప్రేమ తెరమీద ఎప్పుడూ చూడనివాళ్లు, దాన్ని ఆధారంగానే తీసుకున్నారు. తీసినవాళ్లు మాత్రం ఇది ప్రేమకథ కాదనే చెబుతూ వచ్చారు. వాళ్ల ఇద్దర్నీ కలపాలా వద్దా అనేది రాసేవాళ్ల ఇష్టం, అందులో నాకు పేచీ లేదు. కానీ హత్య కేసులో రక్తం మరక చూపించి, చివర్లో అది టమాటా రసం అంటే ఆ రచయితని మనం క్షమించం. ఇద్దరి మధ్య చూపించిన ఆధారానికీ అదే నియమం. అబద్ధపు ఆధారం పెట్టకు. పెట్టింది చూసినవాళ్లని ఇంటర్వ్యూలో కూర్చుని తప్పుపట్టకు. నటీనటుల సొంత జీవితాల్లోకి ఎవరైనా వెళుతుంటే దానికి నీ నుంచి ఒక్క ముక్క కూడా అందనివ్వకు.

నీ కథలో అసలు లోటు ఎక్కడుందో ఇప్పుడు చెబుతాను. ఆ ఇద్దరూ మనసులో మాట ఎందుకు చెప్పుకోవడం లేదో నీకు తెలియదు. సిగ్గు అనుకుంటున్నావు. 35 ఏళ్ల సీఐకి, అంతమంది మగవాళ్లున్న స్టేషన్ని నడిపే ఆవిడకి సిగ్గు సరిపోదు. కారణం నీ చేతిలోనే ఉంది, వాడుకోలేదు. ఆమె దర్యాప్తు అధికారి. అతను ఆధారం సేకరించినవాడు. రేపు నాంపల్లి కోర్టులో ఇద్దరూ ప్రాసిక్యూషన్ సాక్షులుగా బోనెక్కుతారు. "ఈ వేలిముద్ర మీకు దొరికిందా, సీఐ గారు దొరకాలన్నారా? మీ ఇద్దరి మధ్య సంబంధం ఏమిటి?" అని డిఫెన్స్ లాయరు అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నతో గోడౌన్లో చనిపోయిన పిల్లాడి తల్లికి న్యాయం జరగకుండా పోవచ్చు. ఇది వాళ్లిద్దరికీ తెలుసు. అందుకే చెప్పుకోరు. ఇది పెట్టావంటే ప్రతి మౌనానికీ బరువొస్తుంది. ఎనిమిదో ఎపిసోడ్‌లో ఆ క్రాస్ ఎగ్జామినేషన్ రాయి. ప్రేక్షకులు ఇన్నాళ్లూ ఏరుకున్న ఆధారాలనే లాయరు ఒక్కొక్కటిగా వాళ్ల మీద ప్రయోగించాలి. టార్చి సంగతి కూడా. కానిస్టేబులు చూశాడు కదా అక్కడ.

నాలుగో ఎపిసోడ్‌లో నెక్లెస్ రోడ్ వాన సీను తీసెయ్. గొడుగు, తడిసిన జుట్టు, "ఎందుకో మీతో ఉంటే భయం వెయ్యదు" అనే డైలాగు, ఏదీ వద్దు. టార్చి దగ్గర ఆమె చేతితో చెప్పేసిన మాటని ఇక్కడ అతని నోటితో మళ్లీ చెప్పించావు. దాని బదులు ఇరానీ హోటల్ సీనుని పెంచు. ఇద్దరూ గొడవపడి వచ్చి కూర్చుంటారు కదా. వెయిటరు వస్తే అతను ఆమెని అడగకుండానే "వన్ బై టూ" అంటాడు. ఆమె ఇంకా కోపంగానే ఉంటుంది, కానీ వద్దనదు. ఒక చాయ్ రెండు కప్పుల్లో వస్తుంది. కేసు గురించి మాట్లాడుకుంటారు, సీను అయిపోతుంది. సిరీస్ మొత్తంలో చాయ్ ఒకసారి వస్తే చాలు, మహా అయితే ఇంకోసారి. అమెరికా సీరియల్ క్యాజిల్‌లో రచయిత క్యాజిల్ రోజూ పోలీసు డిటెక్టివ్ బెకెట్‌కి కాఫీ తెచ్చివ్వడం బాగా పండింది, కానీ వాళ్లకి ఏడాదికి 20కి పైగా ఎపిసోడ్లుండేవి. నీకున్నవి 8.

పిలుపుల విషయం కూడా జాగ్రత్త. ఇప్పుడు అతను ఒక సీనులో "మేడమ్, మీరు" అంటాడు, తర్వాతి పేజీలో "నువ్వు" అంటాడు, మళ్లీ "మీరు". అది నీ చేతి తొందర అని నాకు తెలుసు. ప్రేక్షకుడు అలా అనుకోడు, ఆధారం అనుకుంటాడు. మొదటి "నువ్వు" ఎక్కడ రావాలో ముందే తేల్చుకో. నన్నడిగితే అది ఆమె నోట రావాలి, అతనికి దెబ్బ తగిలినప్పుడు, నలుగురు కానిస్టేబుళ్లు వింటుండగా. ఎవరూ దాని గురించి మాట్లాడకూడదు.

కేసు సంగతులు చిన్నవి కొన్ని. పంచనామాకి ఇద్దరు పంచులు, అంటే సాక్షులు, కావాలి, నువ్వు ఒక్కణ్నే పెట్టావు. ఫోరెన్సిక్ ల్యాబ్ (ఎఫ్ఎస్ఎల్) రిపోర్టు రెడ్ హిల్స్ నుంచి మర్నాడు పొద్దున్నే వచ్చేసినట్టు రాశావు, అంత తొందరగా రాదు, ఆ ఎదురుచూపునే ఐదో ఎపిసోడ్‌కి వాడుకో. అనుమానాస్పద మృతికి 174 సెక్షన్ అని సీఐ చేత చెప్పించావు. నీ కథ జరిగేది 2025లో. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది, అది 194 అవుతుంది. మార్చు.

వాన సీను తీసేశాక నాలుగో ఎపిసోడ్ మళ్లీ పంపు. కోర్టు సీను రాయడానికి ముందు నాంపల్లి వెళ్లి ఒక రోజంతా కూర్చుని రా. బోనులో నిలబడ్డ పోలీసు ప్రశ్న విన్నాక జవాబు చెప్పేలోపు ఎటు చూస్తాడో గమనించి రాసుకో. అది నాకు కూడా చదవాలనుంది.

ఆశీస్సులతో,
మీ మేడమ్