సాయంత్రం నాలుగు తర్వాత మీవాడు ఏం చేస్తున్నాడు?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లాలో పల్లెటూరు. మా అబ్బాయి ఇంటర్ కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో చదివి 94 శాతం తెచ్చుకున్నాడు. ఇప్పుడు హైదరాబాద్ శివార్లలో, జేఎన్‌టీయూహెచ్ అనుబంధ కాలేజీలో బీటెక్ సీఎస్ఈ ఏఐ-ఎంఎల్ (కంప్యూటర్ సైన్స్‌లో కృత్రిమ మేధ, మెషీన్ లెర్నింగ్) మొదటి ఏడాది. రెండు నెలలుగా ఇంటికొచ్చేస్తానని రోజూ ఫోన్. మొదటి మిడ్‌లో (సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే పరీక్ష) మ్యాథ్స్‌కి 30కి 9 వచ్చాయి. మాన్పించి మళ్లీ ఎంట్రన్స్ కోసం ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో పెట్టాలా, దగ్గర్లో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) లోకి మార్చాలా? ఏ బ్రాంచి మేలు? వాళ్ల నాన్నేమో అమీర్‌పేటలో ఫుల్‌స్టాక్ (వెబ్‌సైట్లు మొత్తంగా తయారుచేయడం నేర్పే) కోర్సులో చేర్పిద్దామంటున్నారు.
- ఒక తల్లి

జవాబు: అమ్మా, దసరా సెలవులు అయిపోయిన వారం నుంచి నాకు ఇలాంటి ఉత్తరాలే వస్తాయి. ఊరి పేరు మారుతుంది, 9 బదులు 11 ఉంటుంది, అంతే తేడా. మీరు బ్రాంచి గురించి అడిగారు గానీ, మీ అసలు భయం ‘అంత బాగా చదివే పిల్లాడు పాడైపోతున్నాడా’ అని. పాడైపోవడం లేదు.

ఇంటర్ రెండేళ్లూ మీవాడు ఎలా బతికాడో గుర్తు చేసుకోండి. తెల్లారకముందే బెల్లు, స్టడీ అవర్లు, వారం వారం టెస్టు, ర్యాంకుల పట్టిక, రాత్రి వార్డెన్ వచ్చి లైటు తీసేదాకా పుస్తకం. ఏం చదవాలో, ఎప్పుడు చదవాలో తనంతట తాను నిర్ణయించుకున్న రోజు ఒక్కటీ లేదు. ఇప్పుడు సాయంత్రం నాలుగింటికి క్లాసులు అయిపోతాయి. పడుకునేదాకా ఆరేడు గంటలు ఖాళీ. ‘ఇది చదువు’ అనేవాళ్లు లేరు. చేతిలో ఫోన్ ఉంది. ఆ ఖాళీలోనే మీకు ఫోన్ చేస్తున్నాడు. కావాలంటే కాల్ లాగ్ చూడండి, పొద్దున క్లాసుల మధ్యలో చేసినవి ఎన్నో.

ఇక ఆ 9 మార్కులు. మీవాడికి మ్యాథ్స్ రాదనుకోకండి. రెండేళ్లు బిట్లు కొట్టిన చెయ్యి అది. నాలుగు ఆప్షన్లలో మూడింటిని ఎలా కొట్టేయాలో దానికి తెలుసు. మిడ్‌లో ఎక్కువ మార్కులు డిస్క్రిప్టివ్‌కి. మ్యాట్రిక్స్ ర్యాంకు కనుక్కోమంటే ఒక్కో స్టెప్పూ కాగితం మీద పెట్టాలి. షార్ట్‌కట్‌తో జవాబు రాసి వచ్చినవాడికి సగం మార్కులు కూడా పడవు. ఆ పేపరు తీసుకుని మ్యాథ్స్ సార్ దగ్గరికి వెళ్లి, ‘ఎక్కడ పోయాయి సార్?’ అని అడగమనండి. వెళ్లడానికి మొహమాటపడతాడు. ఇంటర్‌లో లెక్చరర్ని ఒంటరిగా కలిసి మాట్లాడే అలవాటే లేదు కదా. రెండు మిడ్‌ల సగటు తీసుకుంటారు, కాబట్టి రెండోదాంట్లో 20 దాటితే నిలదొక్కుకుంటాడు.

సి ల్యాబు (సి అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాసే క్లాసు) గురించి మీరు రాయలేదు గానీ అక్కడా ఇబ్బంది పడుతూనే ఉంటాడు. ఇంటర్ రెండేళ్లూ కంప్యూటర్ ముట్టుకోని పిల్లలే ఎక్కువ. పక్క బెంచీలో సీబీఎస్ఈ పిల్లాడు గబగబా టైప్ చేస్తుంటే, మనవాడు సెమికోలన్ ఎక్కడుందో వెతుకుతూ తనొక్కడే మొద్దు అనుకుంటాడు. రోజూ గంట సొంతంగా ప్రోగ్రాములు టైప్ చేస్తే రెండో సెమిస్టర్‌కి ఆ తేడా చాలావరకు పోతుంది. రూమ్మేట్లతో కూర్చుని చేస్తే ఇంకా మంచిది, సాయంత్రాలూ నిండుతాయి.

ఇప్పుడు కొంచెం కటువుగా మాట్లాడతాను. రోజుకి ఎన్నిసార్లు ఫోన్ చేస్తున్నారమ్మా? ‘తిన్నావా’తో మొదలై ‘చదివావా’ మీదుగా ‘మీ పెద్దమ్మ కొడుకు చూడు’ దాకా వెళ్తున్నారా లేదా? వాడు ఏడ్చినప్పుడల్లా మీరు ‘వచ్చెయ్ నాన్నా’ అంటే, తర్వాత వారం వాడు ఏడవక ఏం చేస్తాడు? రోజూ ఒకే వేళకి ఒక్క ఫోన్ చాలు, అందులో మార్కుల ఊసు వద్దు. డబ్బులు కూడా అడిగినప్పుడల్లా రెండేసి వందలు ఫోన్‌పే చేయకండి. నెలకింత అని ఒకేసారి ఇచ్చి, ఇరవయ్యో తారీఖుకే అయిపోతే అవస్థ పడనివ్వండి. ప్రతి శుక్రవారం బస్సెక్కి మంగళవారం దాకా ఉండిపోతుంటే మాత్రం ఆపండి. అటెండెన్స్ 75 శాతం ఉండాలి, ఆరోగ్య కారణాలుంటే 65 దాకా మన్నిస్తారు, అంతకన్నా తగ్గితే ఆ సెమిస్టర్ డిటెండే, అంటే మళ్లీ చదవాల్సిందే. తొమ్మిది మార్కులకన్నా నేను దానికి ఎక్కువ భయపడతాను.

బ్రాంచి సంగతి. ఏఐ-ఎంఎల్ అన్న పేరు మీద నాకున్న అనుమానం దాచుకోను. 2024-25 నుంచి ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ, బాగా నడిచే కాలేజీలకు బ్రాంచికి ఇన్నే సీట్లన్న పరిమితి తీసేసింది. సెక్షన్లు పెరిగాయి. ఆ సబ్జెక్టులు నిజంగా వచ్చిన అధ్యాపకులు అదే లెక్కన పెరిగారా అని కాలేజీని అడిగిన తల్లిదండ్రులు నాకు తగల్లేదు. మొదటి ఏడాది మామూలు సీఎస్ఈ పిల్లాడు చదివేదీ మీవాడు చదివేదీ దాదాపు ఒకటే. తేడా తర్వాత వస్తుంది, అప్పుడు కావాల్సింది ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా. అంటే మీవాడు ఇప్పుడు తడబడుతున్న మ్యాట్రిక్సే. ఈసీఈ మంచి బ్రాంచి. చిప్ డిజైన్ వైపో, గేట్ అనే జాతీయ పరీక్ష రాసి ప్రభుత్వ సంస్థల వైపో వెళ్లాలనుకునేవాళ్లకి దారులున్నాయి. క్యాంపస్‌కొచ్చే సాఫ్ట్‌వేర్ కంపెనీలు చాలావరకు ఈసీఈ వాళ్లనూ కూర్చోనిస్తాయి. కానీ దానిలోనూ ఇదే మ్యాథ్స్, ఇదే సి, ఇవే ఖాళీ సాయంత్రాలు. ఇంటికి దగ్గరని ఈసీఈ తీసుకోకండి. లాంగ్‌టర్మ్ అయితే మళ్లీ బెల్లు దగ్గరికే పంపడం, వచ్చే ఏడాది ఇదే ఉత్తరం రాస్తారు.

ఒక్క జాగ్రత్త. వాడు సరిగా తినడం మానేసినా, రాత్రుళ్లు నిద్ర లేకపోయినా, గది దాటి రాకపోయినా, బతకాలని లేదన్న మాట ఒక్కసారి అన్నా, పైన చెప్పినవన్నీ పక్కన పెట్టి వెంటనే బయల్దేరి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ 14416కి మీరైనా, వాడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. సీనియర్లు ఏడిపిస్తున్నారేమో కూడా నెమ్మదిగా అడగండి. ర్యాగింగ్ ఫిర్యాదుకి యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522.

వాళ్ల నాన్నగారికి చెప్పండి, సి లో లూపులు రాని పిల్లాడికి ఫుల్‌స్టాక్ ఎందుకని. అడ్వాన్సు ఇంకా కట్టకపోతే కట్టొద్దు. మూడో ఏడాదిలో వాడే అడిగితే అప్పుడు చూద్దాం.