నుదుటి మీద నీటిపొక్కులకు యాజిత్రోమైసినా? ముందు కన్ను చూపించండి

ప్రశ్న: నేను డిగ్రీలో మైక్రోబయాలజీ చదువుతున్నాను. వైరస్‌ను మొదట ఎవరు కనిపెట్టారు, దానికి ప్రాణం ఉన్నట్టా లేనట్టా, వాటిలో ఎన్ని రకాలు, ఒంట్లో ఎలా పెరుగుతాయి? ఎంత చదివినా గజిబిజిగానే ఉంది. బ్యాక్టీరియాకు ఇన్ని మందులుండగా వైరస్‌కు మందే లేదంటారు, ఎందుకు? ఇంకో చిన్న విషయం. మా అమ్మకు 61 ఏళ్లు, షుగర్ ఉంది. నాలుగు రోజులుగా నుదుటికి ఎడమవైపు మంట, సూదులతో పొడిచినట్టు నొప్పి. నిన్న పొద్దున అక్కడే ఎర్రబడి నీటిపొక్కులు లేచాయి. ముక్కు కొన మీద కూడా రెండు ఉన్నాయి. పురుగేదో పాకిందనుకుని, ఇంట్లో మిగిలిన యాజిత్రోమైసిన్ 500 మాత్రలు రెండు రోజులు వేసి, దురదకు వాడే క్రీమ్ రాస్తున్నాం. — ఒక పాఠకురాలు

జవాబు: మీరు చివర్లో ‘చిన్న విషయం’ అని రాసిందే ముందు చూడాలి. అమ్మగారిని ఇవాళే డాక్టరుకు చూపించండి, కంటి డాక్టరుకు కూడా ఇవాళే. మిగతా జవాబు అక్కడ మీ వంతు వచ్చేదాకా కూర్చుని చదువుకోవచ్చు.

ముఖంలో ఒకవైపే మంట, రెండు మూడు రోజులకు అదే చోట గుత్తులుగా నీటిపొక్కులు. ఇలా చెబితే మేం మొదట అనుమానించేది సర్పి, అంటే హెర్పిస్ జోస్టర్. కళ్లతో చూడకుండా ఖాయం చేయలేను కానీ, పురుగు పాకితే ముందు చర్మం కందుతుంది. మూడు రోజుల ముందు నుంచే సూదులు గుచ్చినట్టు నొప్పి రాదు. నన్ను కంగారు పెడుతున్నది ముక్కు కొన మీది ఆ రెండు పొక్కులు. ముక్కు కొనకూ కంటి లోపలికీ వెళ్లేది ఒకే నరం కొమ్మ. అక్కడ పొక్కు వచ్చిందంటే వైరస్ కంట్లోకీ దిగే అవకాశం బాగా ఎక్కువని అర్థం. కన్ను ఎర్రబడలేదు, చూపు బాగానే ఉందని ఆగొద్దు. కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర) మీద పుండు, లోపలి పొరల్లో వాపు తొలి రోజుల్లో మామూలు చూపుకు తెలియకపోవచ్చు. కంటి డాక్టరు రంగు చుక్క వేసి స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చూపే పరికరం) కింద చూస్తేనే బయటపడతాయి.

‘ఇవాళే’ అని ఎందుకు అంటున్నానో మీ పాఠంలోనే ఉంది. వైరస్ ముందు కణం మీద తనకు సరిపడే ఒక అణువుకు అతుక్కుంటుంది, లోపలికి దూరుతుంది, పైతొడుగు విప్పి తన జన్యుపదార్థాన్ని వదులుతుంది. కణం తన పని మానేసి ఆ జన్యువుకు నకళ్లు తీస్తుంది, దాని ప్రొటీన్లు తయారుచేస్తుంది. విడిభాగాలన్నీ కూడుకుని కొత్త వైరస్‌లై బయటపడి పక్క కణాలను పట్టుకుంటాయి. సర్పిలో ఈ నకళ్ల పని ఉధృతంగా సాగేది తొలి రోజుల్లోనే. యాంటీవైరల్ మందు అడ్డుకునేది సరిగ్గా ఆ నకళ్లు తీసే దశను. అందుకే పొక్కు కనబడిన 72 గంటల్లోపు మొదలుపెట్టాలంటాం. లెక్క పొక్కు లేచిన గంట నుంచి, నొప్పి మొదలైన రోజు నుంచి కాదు. మీరు ఉత్తరం రాసేసరికే ఒక రోజు గడిచింది. ఇది మీ కంటపడేసరికి 72 గంటలు దాటిపోయినా మానేయకండి. కొత్త పొక్కులు ఇంకా వస్తున్నా, కంటి దగ్గర ఉన్నా, షుగర్ లాంటివి ఉన్నా ఆలస్యంగానైనా మందు ఇస్తాం.

ఇక యాజిత్రోమైసిన్. అది బ్యాక్టీరియా రైబోజోమ్‌ను పట్టుకుని ప్రొటీన్ తయారీని ఆపుతుంది. వైరస్‌కు సొంత రైబోజోమే లేదు, మన కణం రైబోజోమ్‌తోనే పని కానిస్తుంది. పెనిసిలిన్ రకం మందులు బ్యాక్టీరియా గోడను పడగొడతాయి. వైరస్‌కు ఆ గోడా లేదు. మీరు వేసిన మాత్రలకు అమ్మగారి ఒంట్లో ఈ జబ్బు తరఫున దొరికే శత్రువే లేడన్నమాట. పొక్కుల మీద బ్యాక్టీరియా చేరి చీము పడితే యాంటీబయాటిక్ అవసరం రావచ్చు, అదీ చూసి తేల్చాల్సిన మాట. అయినా మైక్రోబయాలజీ చదువుతున్న ఇంట్లో మిగిలిన స్ట్రిప్పులు దాచిపెట్టి వాడటమేంటమ్మా?

దురద క్రీమ్ ఇంకా నచ్చలేదు నాకు. ట్యూబు మీద బీటామెథసోన్ అనో క్లోబెటాసోల్ అనో ఉందేమో చూడండి. అవి స్టీరాయిడ్లు. అక్కడి చర్మపు రక్షణను తగ్గించి వైరస్‌కు దారి వదులుతాయి. వెంటనే ఆపండి. ఇంట్లో ఉన్న కంటి చుక్కలు అసలే వేయకండి. హెర్పిస్ జాతి వైరస్ కంట్లో ఉండగా తెలియక స్టీరాయిడ్ చుక్కలు వేసి కార్నియాకు చిల్లు తెచ్చుకున్నవాళ్లున్నారు. కంటి డాక్టర్లు సర్పిలో ఒక్కోసారి అవే చుక్కలు రాస్తారు నిజమే, కానీ లోపల చూశాక, యాంటీవైరల్ రక్షణ పెట్టుకుని రాస్తారు.

వైరస్‌కు మందే లేదన్న మాట పాతది. ఎసైక్లోవిర్ సంగతే తీసుకోండి, మీ పరీక్షకూ పనికొస్తుంది. మాత్ర మింగినప్పుడు అది నిద్రపోతున్న మందు. హెర్పిస్ జాతి వైరస్ సోకిన కణంలో వైరస్ తయారుచేసుకున్న థైమిడిన్ కైనేజ్ అనే ఎంజైమ్ దానికి మొదటి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. మిగతా రెండూ మన కణం ఎంజైమ్‌లే తగిలిస్తాయి. అప్పుడది డీఎన్ఏ ఇటుకలా కనబడి, వైరస్ కడుతున్న గొలుసులో చేరిపోతుంది. తర్వాతి ఇటుక తగిలే కొక్కెం దానికి ఉండదు, గొలుసు అక్కడితో ఆగిపోతుంది. వైరస్ లేని కణంలో ఆ మొదటి ఫాస్ఫేట్ పడటమే అరుదు కాబట్టి మనకు హాని తక్కువ. ఈ పనితనం వెనకున్న గెర్ట్రూడ్ ఎలియన్‌కు 1988లో నోబెల్ వచ్చింది. ఇన్‌ఫ్లూయెంజాలో ఆ ఎంజైమ్ లేదు, కాబట్టి ఫ్లూకు ఎసైక్లోవిర్ దండగ. దానికి వేరే మందుంది, దాన్నీ 48 గంటల్లోపు మొదలుపెడితేనే ఎక్కువ లాభం.

అలాగని మీరే కొనుక్కుని మొదలుపెట్టొద్దు. పెదవి మీది పుండుకు ఎవరో వాడిన ఎసైక్లోవిర్ 200 మాత్రలు సర్పికి చాలవు. సర్పిలో పెద్దవాళ్లకు మామూలుగా రాసేది 800 మిల్లీగ్రాములు, రోజుకు 5 సార్లు, 7 నుంచి 10 రోజులు. వాలసైక్లోవిర్ అయితే 1000 మిల్లీగ్రాములు రోజుకు 3 సార్లు, 7 రోజులు. కిడ్నీలు మందగించి ఉంటే ఈ మోతాదే విషమవుతుంది. మందు కిడ్నీ గొట్టాల్లో స్ఫటికాలుగా పేరుకోవచ్చు, మనిషి మాటలు తడబడి అయోమయంలో పడొచ్చు. అమ్మగారికి షుగర్ ఉంది కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూసి మోతాదు తేల్చాలి, నీళ్లు బాగా తాగించాలి. నొప్పికి ఏం వాడాలన్నదీ కిడ్నీ రిపోర్టు చూశాకే.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతారేమో. బయటి నుంచి కాదు. చిన్నప్పుడు ఆటలమ్మ తెచ్చిన వారిసెల్లా జోస్టర్ వైరస్సే. తగ్గిపోయిందనుకున్నాక అది నరాల ముడుల్లో చేరి డీఎన్ఏ రూపంలో ఏళ్ల తరబడి కిమ్మనకుండా ఉంటుంది. నకళ్లు తీయడం లేదు కాబట్టి అప్పుడు ఏ మందూ దాన్ని తాకలేదు. వయసు, అదుపులో లేని షుగర్, స్టీరాయిడ్ మాత్రలు, క్యాన్సర్ మందులు కాపలాను సడలించినప్పుడు నరం వెంట దిగివస్తుంది. ఒక్క నరం మేరకే కాబట్టి పొక్కులు ఒక్కవైపే వస్తాయి.

ఇక వైరస్‌లు ఎన్ని రకాలన్న మీ ప్రశ్న. వర్గీకరణ బట్టీ పట్టేవాళ్లు వదిలేసే సంగతి ఒకటుంది. 1971లో డేవిడ్ బాల్టిమోర్ అనే శాస్త్రవేత్త ఒకే ప్రశ్న వేశాడు: ఈ వైరస్ తన జన్యువు నుంచి మెసెంజర్ ఆర్ఎన్ఏ (ప్రొటీన్ తయారీకి కణం చదివే ప్రతి) దాకా ఏ దారిలో వస్తుంది? ఇప్పటి లెక్కలో దారులు ఏడు, గ్రూపులూ ఏడు. హెర్పిస్ జాతి మొదటి గ్రూపు, రెండు పోగుల డీఎన్ఏ. ఫ్లూ ఐదో గ్రూపు. హెచ్ఐవీ ఆరు, హెపటైటిస్ బి ఏడు. ఈ రెండింటికీ రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ (ఆర్ఎన్ఏ నుంచి డీఎన్ఏ తయారుచేసే ఎంజైమ్) ఉంది, అందుకే దాన్ని అడ్డుకునే టెనోఫోవిర్ మందు రెండు జబ్బులకూ పనిచేస్తుంది. హెపటైటిస్ సి నాలుగో గ్రూపు. దానికి డీఎన్ఏ దశే లేదు, కణంలో దాచుకునే శాశ్వత ప్రతి ఉండదు కాబట్టి మాత్రలతో చాలామందికి పూర్తిగా పోతుంది. హెచ్ఐవీ మన క్రోమోజోమ్‌లోనే అతుక్కుంటుంది కాబట్టి మాత్రలతో అదుపులో ఉంటుందే తప్ప పోదు. గ్రూపు నంబర్లు ఇలా జబ్బులతో ముడివేసుకుంటే మరిచిపోరు.

చరిత్ర క్లుప్తంగా: 1892లో ఇవనోవ్‌స్కీ పొగాకు మొజాయిక్ తెగులు ఆకుల రసాన్ని బ్యాక్టీరియాను ఆపే పింగాణీ వడపోతలోంచి పంపాడు. వడకట్టిన రసం కూడా తెగులు అంటించింది. 1898లో బైజరింక్ ఇది బ్యాక్టీరియా కాని వేరే అంటుకారకమేనని గట్టిగా చెప్పాడు. 1935లో స్టాన్లీ ఆ వైరస్‌నే స్ఫటికాలుగా మార్చితే, కరిగించాక కూడా తెగులు వచ్చింది. ప్రాణం ఉందా లేదా అన్న వాదన అక్కడి నుంచే ముదిరింది. కణం బయట తనంతట ఏ పనీ చేయలేదు, కణంలో పడితే ఊరుకోదు. పరీక్షలో అలా రాయండి, క్లినిక్‌లో నాకూ అంతే చాలు.

ఇంట్లో జాగ్రత్త: ఆ పొక్కుల నీళ్లు తగిలితే ఆటలమ్మ రానివాళ్లకు, టీకా పడనివాళ్లకు ఆటలమ్మ రావచ్చు. అన్నీ ఎండి పెచ్చు కట్టేదాకా, మామూలుగా 7 నుంచి 10 రోజులు, గర్భిణులను, పసిపిల్లలను, క్యాన్సర్ మందులు వాడేవాళ్లను దగ్గరికి రానివ్వకండి. పొక్కులు చిదమొద్దు. తువ్వాలు వేరుగా పెట్టండి, పొక్కు ముట్టుకున్న చేత్తో కన్ను రుద్దకుండా చూడండి. ఈ వైరస్ పైపొర కొవ్వుది, సబ్బుకు చెదిరిపోతుంది. చూపు మసకబారినా, వెలుతురు భరించలేకపోయినా, మెడ బిగుసుకున్నా, మాట తేడాగా ఉన్నా, మూతి వంకర పోయినా, పొక్కులు ఒంటి మీద మరోచోట లేచినా అర్ధరాత్రయినా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.

పొక్కులు మాని 3 నెలలు దాటినా మంట ఉంటే అది నరం దెబ్బతిన్న నొప్పి. దానికి వేరే మందులున్నాయి, మామూలు నొప్పి మాత్రలతో కాలక్షేపం చేయొద్దు. టీకా సంగతి ఈ జబ్బు తగ్గాక అడగండి.

వెళ్లేటప్పుడు యాజిత్రోమైసిన్ స్ట్రిప్పు, ఆ క్రీమ్ ట్యూబు, షుగర్ మందుల చీటీ, పాత క్రియాటినిన్ రిపోర్టు సంచిలో వేసుకోండి. డాక్టరు తిడతారని ట్యూబు ఇంట్లో వదిలేయకండి. ఏం రాశారో తెలియకపోతే ఆయనకు పొక్కుల తీరు అర్థం కావడం కష్టమవుతుంది.