ఒకే గదిలో రెండు విషసర్పాలు, ఒకే ఎలుక

ప్రశ్న: మాది విశాఖపట్నం. డిగ్రీ చివరి సంవత్సరంలో జంతుశాస్త్రం చదువుతున్నాను. ఈమధ్య మా కళాశాల తరఫున వేరే రాష్ట్రంలోని ఒక సర్ప సంరక్షణ కేంద్రాన్ని చూడటానికి వెళ్ళాం. ఒకే గాజు గదిలో ఉన్న రెండు రక్తపింజరలకు రెండు చచ్చిన ఎలుకలను వేస్తే, రెండు పాములూ ఒకే ఎలుకను చెరోవైపు పట్టుకున్నాయి. రెండో ఎలుక పక్కనే ఉన్నా దాని జోలికి పోలేదు. అక్కడి సంరక్షకుడు కంగారుపడి పొడవాటి పట్టకారుతో వాటిని విడదీశారు. ఆహారం విషయంలో పాములకు కూడా కుక్కల్లా పంతాలు, పోటీలు ఉంటాయా? విషసర్పాలను కలిపి ఉంచి ఆహారం వేయడం సరైన పద్ధతేనా?
ఒక విద్యార్థిని, మధురవాడ

జవాబు: రెండో ఎలుక పక్కనే ఉన్నా ఏ పామూ దాన్ని పట్టించుకోలేదని రాశారు. మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. కడుపు నింపుకోవడం కోసమే పోటీ అయితే ఒక పాము ఆ రెండో ఎలుకను తీసుకొని పక్కకు పోయి ఉండేది. ఆకలిగా ఉన్న పాముకు ఎలుక వాసన తగిలిందంటే, అది నాలుకను చకచకా ఆడిస్తూ గాలిలో, నేలమీద ఉన్న వాసన కణాలను నోటి పైభాగంలోని జాకబ్‌సన్ అవయవానికి చేరవేస్తుంది; అప్పటినుంచి దాని ధ్యాసంతా ఆ వాసన మీద, కదలిక మీద నిలిచిపోతుంది. పట్టకారు చివర ఊగుతున్న ఎలుక గాని, అప్పటికే మరో పాము పట్టి కదిలిస్తున్న ఎలుక గాని ఆ సమయంలో దాన్ని లాగినంతగా, కదలకుండా పడి ఉన్న ఎలుక లాగదు. బతికున్న ఎలుకను వేసే చోట చిక్కు మరింత పెరుగుతుంది. పింజర జాతి పాములు పెద్ద ఎలుకను సాధారణంగా కాటేసి వదిలేస్తాయి. అది ఎదురు తిరిగి కరవకుండా, చచ్చేదాకా ఆగి, తరువాత వాసన పట్టుకొని దాన్ని వెతుక్కుంటూ పోతాయి. ఆ కాస్త వ్యవధిలోనే రెండో పాము కూడా అదే జాడ పట్టుకొని అక్కడికి చేరుతుంది. నాగుపాము, కట్లపాము వంటివి చాలావరకు అలా వదలవు, కరిచి పట్టుకొనే ఉంటాయి గనుక వాటి మధ్య పెనుగులాట మొదటి క్షణం నుంచే మొదలవుతుంది.

సంరక్షకుడు కంగారుపడటానికి తగిన కారణమే ఉంది. పాము పళ్ళు గొంతువైపు వంగి ఉంటాయి. కింది దవడ రెండు సగాలూ ముందు భాగంలో ఎముకగా అతుక్కుపోక, సాగే బంధంతో మాత్రమే కలిసి ఉంటాయి గనుక, ఒకవైపు దవడ పట్టు నిలుపుకుంటే మరోవైపు దవడ కొద్దికొద్దిగా ముందుకు జరుగుతూ ఆహారాన్ని లోపలికి తీసుకుంటుంది. ఈ పని ఒకసారి మొదలయ్యాక మధ్యలో వదిలి వెనక్కు రావడం పాముకు అంత తేలిక కాదు. చెరో కొస నుంచి మింగుతూ వచ్చిన రెండు పాముల మూతులు ఎలుక నడుమ దగ్గర కలుసుకున్నప్పుడు, పెద్ద పాము ఎలుకతో పాటు ఎదుటి పాము తలను కూడా నోట్లోకి తీసుకోవడం మొదలుపెడుతుంది. ఇందులో కోపం గాని పగ గాని లేవు. ఎలుక వాసన అంటుకున్న మూతి దానికి ఎలుకలో ఒక భాగమే. చిన్న పాము ఊపిరాడక చనిపోవచ్చు, పెద్దది మింగినదాన్ని అరిగించుకోలేక కక్కుకోవచ్చు, ఒక్కోసారి రెండూ దక్కకపోవచ్చు.

ఒకే జాతి పాములు కరుచుకుంటే విషం ఏమీ చేయదు గదా అని మీ తోటి విద్యార్థులు ఎవరైనా అనవచ్చు. తమ జాతి విషాన్ని చాలావరకు తట్టుకొనే శక్తి విషసర్పాలకు ఉన్నమాట నిజమే. కాని కోర దిగిన చోట గాయం మాత్రం గాయమే. తలమీదనో కంటిమీదనో నోటిలోపలో కోర గుచ్చుకుంటే ఆ పుండు చీము పట్టి పాము ప్రాణం మీదికి వస్తుంది. ఇక వేరే జాతి విషం విషయంలో ఆ పాటి రక్షణ కూడా ఉంటుందన్న భరోసా లేదు.

ఇదంతా కంటికి కనిపించే నష్టం. కనిపించని నష్టం ఇంతకంటే పెద్దదని నా నమ్మకం, కలిపి ఉంచే పద్ధతిని నేను వ్యతిరేకించేది ముఖ్యంగా దానికోసమే. ఒక గదిలో వెచ్చగా ఉండే మూల ఒకటే ఉంటుంది, దాక్కొనే పెట్టె ఒకటే ఉంటుంది. బలమైన పాము అక్కడ చేరితే రెండోది చల్లని మూలలో మిగిలిపోతుంది. చల్లగా ఉన్న పాముకు తిన్నది అరగదు, అరగని పాము తినడానికి ముందుకు రాదు. ఎక్కడా కొట్లాట ఉండదు, కాటు ఉండదు. నెలలు గడిచేకొద్దీ ఒక పాము బలుస్తుంది, మరొకటి వెన్ను తేలి చిక్కిపోతుంది. రెండూ ఒకే పెట్టెలో చుట్టుకొని పడుకుంటే చూసినవారు స్నేహమని మురిసిపోతారు గాని, ఉన్న ఒక్క చోటు కోసం రెండూ ఇరుక్కున్నాయేమోనని ముందుగా అనుమానించాలి. పాములన్నీ ఒంటరి జీవులేనని మాత్రం నేను అనను. అమెరికాలోని కొన్ని గిలక పాములు చలికాలం ఒకే బొరియలో గుంపుగా గడుపుతాయి, గర్భంతో ఉన్న ఆడపాములు ఒకే బండ మీద కలిసి ఎండ కాచుకుంటాయి. అయితే అక్కడ ఇష్టం లేని పాము లేచి వెళ్ళిపోగలదు. గాజు గదిలో ఆ వీలు లేదు.

మన ప్రాంతంలో పాముల సయ్యాట అని పొలం గట్లమీద జనం గుమిగూడి చూసే దృశ్యం కూడా చాలాసార్లు రెండు మగపాముల బలపరీక్షే. జెర్రిపోతుల్లోనూ నాగుపాముల్లోనూ ఇది సాధారణం. తలలు పైకెత్తి, పెనవేసుకొని, ఎదుటిదాని తలను నేలకు అదమడానికి ప్రయత్నిస్తాయి. అది ఆహారం కోసం కాదు, ఆడపాము కోసం. ఓడిన పాము ఆ చోటు విడిచి పోతుంది. ఒకే గదిలో రెండు మగపాములను ఉంచితే ఓడినదానికి పోయే దారి ఉండదు, అది తిండి మానేయడం కూడా తరచు అప్పుడే మొదలవుతుంది.

ఇక పద్ధతి విషయానికి వద్దాం. ఒక గదికి ఒక పాము అన్నది ఉత్తమం. సంతానోత్పత్తి కోసమో స్థలం చాలకో కలిపి ఉంచక తప్పనప్పుడు, ఆహారం మాత్రం విడివిడిగానే పెట్టాలి. తలుపు తీసే ముందే ఎన్ని పాములున్నాయో, ప్రతి పామూ ఎక్కడుందో బయటినుంచి చూసి లెక్క సరిచూసుకోవాలి. తరువాత హుక్కుతో ఒక్కొక్కదాన్ని తాళం ఉన్న వేరువేరు పెట్టెల్లోకి మార్చాలి; గదినే మధ్యలో జారుడు తలుపుతో రెండుగా విడదీసే ఏర్పాటు ఉంటే పామును ముట్టే అవసరమే రాదు, అది అన్నిటికంటే మేలు. ఎలుక వాసన గదిలోకి రాకముందే ఈ మార్పు పూర్తికావాలి, ఎందుకంటే వాసన తగిలిన తరువాత హుక్కు కదిలినా, చెయ్యి కదిలినా పాముకు అది ఆహారమే. ఎలుకను ముందే చంపి, శీతలీకరించి ఉంటే పూర్తిగా కరిగించి, కాస్త వెచ్చబరిచి, పొడవాటి పట్టకారుతో అందించడం మంచిది. బతికున్న ఎలుక పామును కొరికి చంపిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఎలుక పాము ఒంటి లావును పెద్దగా మించకూడదు. ఎదిగిన పింజరకు రెండు మూడు వారాలకు ఒకసారి ఆహారం చాలు, పిల్లపాముకు వారానికి ఒకసారి కావాలి.

చాలామంది తొందరపడేది తిన్న తరువాతే. మింగడం కాగానే రెండింటినీ మళ్ళీ కలిపేస్తే, ఒకదాని మూతికి, ఒంటికి అంటిన ఎలుక వాసన రెండోదాన్ని రెచ్చగొడుతుంది. కొన్ని గంటలు ఆగాలి, మర్నాటిదాకా ఆగితే ఇంకా మంచిది; తిన్న పామును వెంటనే కదిలిస్తే కక్కుకుంటుంది కూడా. ఏ పాము ఏ రోజున ఎంత తిన్నదో, కక్కిందో, కుబుసం విడిచిందో దేని పట్టికలో దానికి రాసి ఉంచాలి. గదిలో కక్కిన ఎలుక కనిపించినప్పుడు అది ఏ పాముదో చెప్పలేని స్థితి వస్తే, జబ్బుపడినది ఏదో కూడా చెప్పలేం. ఈ పనంతా ఒక్కరే ఎన్నడూ చేయకూడదు.

ప్రశ్న: మన తూర్పు కనుమల్లో గిరినాగులున్నాయని పత్రికల్లో చదువుతుంటాం. గిరినాగును, మామూలు నాగుపామును జూలో ఒకే చోట ఉంచి చూపించవచ్చా?
ఒక పాఠకుడు, భీమునిపట్నం

జవాబు: ఉంచకూడదు. గిరినాగుకు ప్రధాన ఆహారం పాములే. జెర్రిపోతు, నాగుపాము, కట్లపాము, చిన్న కొండచిలువ, ఏది దొరికినా తింటుంది, ఉడుమును కూడా వదలదు. నాగుపామును దాని పక్కన ఉంచడమంటే దానికి ఆహారం వేయడమే. రెండు గిరినాగులను కలపడం కూడా తేలిక కాదు. జతకట్టే కాలంలో మగ గిరినాగు ఆడదాన్ని చంపిన సంఘటనలు కర్ణాటకలోని ఆగుంబె అడవుల్లో నమోదయ్యాయి. కట్లపాము, నాగుపాము కూడా తోటి పాములను తింటాయి గనుక, పాములను తినే ఏ జాతినైనా, అన్నీ ఒకే జాతివే అయినా, కలిపి ఉంచకపోవడమే సరి. ఎప్పుడూ పామునే వేయడం సాధ్యం కాదు గనుక, పాము వాసన రుద్దిన ఎలుకతో మొదలుపెట్టి, ఆ వాసనను క్రమంగా తగ్గిస్తూ గిరినాగుకు ఎలుకలను అలవాటు చేసే పద్ధతి ఉంది. ఓపిక కావాలి గాని చాలాచోట్ల ఫలించింది.

ప్రశ్న: మా కాలనీలో ఒక మిత్రుడు పట్టుకున్న రెండు నాగుపాము పిల్లలను ప్లాస్టిక్ తొట్టిలో ఉంచి పాలు, గుడ్డు పెడుతున్నాడు. అవి తినడం లేదు. ఏం చేయాలి?
ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: దయచేసి ఈ రోజే ఆపించండి. నాగుపామును పట్టడం, ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. గుడ్డులోంచి వచ్చిన నాటినుంచే ఆ పిల్లలకు విషం ఉంటుంది. నాగుల చవితికి పుట్టలో పాలు పోయడం మన భక్తికి సంబంధించిన విషయం. పాలు పాముకు ఆహారం కావు, దాహంతో అల్లాడే పాము తాగినా దానికి అరగవు. ఆకలి మీదున్న ఆ రెండు పిల్లల్లో ఒకటి రెండోదాన్ని మింగడానికి కూడా ఆస్కారం ఉంది.

అటవీశాఖ విశాఖపట్నం కార్యాలయానికి ఫోన్ చేసి అప్పగించండి. ఎవరికైనా కాటు పడితే కోయడం, కట్టు బిగించడం, నాటు మందు వేయడం వద్దు; కరిచిన అవయవాన్ని కదలకుండా ఉంచి 108 వాహనంలో వెంటనే కింగ్ జార్జ్ ఆసుపత్రికి గాని, విషానికి విరుగుడు మందు ఉన్న దగ్గరి ఆసుపత్రికి గాని తరలించాలి. అటవీ సిబ్బంది వచ్చేదాకా తొట్టి మూత తెరవవద్దని, గాలి రంధ్రాలు మూసుకుపోకుండా మూతమీద బరువు పెట్టమని, ఇంట్లోని చిన్నపిల్లలను ఆ గదిలోకి రానివ్వవద్దని మీ మిత్రుడికి చెప్పండి.