86 కుట్లను 14తో భాగిస్తే శేషం వస్తోంది, స్వెట్టర్‌లో కుట్లు సమానంగా పెంచడం ఎలా?

మీ ప్యాటర్న్‌లో రిబ్ (స్వెట్టర్ కింద సాగే పట్టీ) అయ్యాక 86 కుట్లుంటే తర్వాతి వరసలో సమానంగా 14 పెంచి 100 చేయమన్నారు, 86 ఏమో 14తో సరిగ్గా పోవట్లేదు, అంతే కదా. శేషం గురించి టెన్షన్ వద్దు. నేను మా బాబు మొదటి స్వెట్టర్‌కి ఈ లెక్క తెలియక పెంచాల్సినవన్నీ రెండు అంచుల దగ్గరే పెంచేశాను. రిబ్ పైన రెండు పక్కలా గౌను కుచ్చుల్లా లేచాయి, నడుము మధ్యలో మాత్రం బిగుసుకుపోయింది. మాది ఒడిశాలోని సునాబెడా, డిసెంబరు వస్తే ఇక్కడ స్వెట్టర్ లేకుండా పిల్లల్ని బడికి పంపలేం, అందుకని వీపు భాగమంతా విప్పి మళ్లీ అల్లాను. అప్పుడు పక్క క్వార్టర్ ఒడియా మౌసి కూర్చోబెట్టి నేర్పించిన పద్ధతే ఇది.

86ని 14తో భాగిస్తే ఒక్కో పెంపుకి 6 కుట్ల వాటా వస్తుంది, 2 మిగులుతాయి. ఆ రెండింటినీ వరస చివర వదిలేయకుండా రెండు వాటాలకు ఒక్కొక్కటి కలపండి. అంటే 12 వాటాలు ఆరేసి, 2 వాటాలు ఏడేసి. ఏడు కుట్ల వాటాలు పక్కపక్కనే పడకుండా ఒకటి ఎడమ సగంలో, ఇంకొకటి కుడి సగంలో వచ్చేలా చూసుకోండి. ఇంకో సంగతి, పెంపు సరిగ్గా అంచు మీద పడితే పక్కలు కలిపి కుట్టేటప్పుడు చాలా ఇబ్బంది, అందుకని ఒక ఆరు కుట్ల వాటాని సగం చేసి మొదట 3, చివర 3 పెట్టాలి. 14 పెంపుల మధ్యలో 13 ఖాళీలుంటాయి, 11 ఆరేసి, 2 ఏడేసి, మొత్తం 86 సరిపోతుంది.

ఇక చాలామంది తప్పేది ఇక్కడ, ఎలా పెంచుతున్నారన్న దాన్ని బట్టి లెక్క మారుతుంది. రెండు కుట్ల మధ్య అడ్డంగా ఉండే పోగును సూది మీదకెత్తి మెలిపెట్టి అల్లితే (మెలిపెట్టకపోతే చిల్లు పడుతుంది) అది ఏ కుట్టునూ వాడుకోదు, కాబట్టి 6 అల్లి ఒకటి పెంచాలి. అదే ఒకే కుట్టులో ముందొకటి వెనకొకటి అల్లి రెండు చేస్తే, ఆ కుట్టు కూడా వాటాలోదే, అప్పుడు 5 అల్లి ఆరో దాంట్లో పెంచాలి. నేను రెండోసారి ఇక్కడే పొరపడ్డాను, 6 అల్లి ఏడో దాంట్లో పెంచుకుంటూ పోతే వరస అయిపోయింది గానీ పెంపులు 12 దగ్గరే ఆగిపోయాయి.

తగ్గించేటప్పుడు రెండు కుట్లు కలిపి ఒకటిగా అల్లుతాం కాబట్టి వాటాలో రెండు పోతాయి. 100 నుంచి 14 తగ్గించాలంటే 12 వాటాలు ఏడేసి, 2 వాటాలు ఎనిమిదేసి. ఏడు కుట్ల వాటాలో 5 అల్లి, మిగతా రెండూ కలిపేయాలి.

క్రోషేలో (కొక్కెం సూదితో) గుండ్రటి చాప అల్లేటప్పుడు మాత్రం నేను పెంపులు ఒకే చోట పడనివ్వను. సింగిల్ క్రోషేలో చుట్టు చుట్టుకీ కుట్లు 6, 12, 18, 24 అని పెరుగుతాయి కదా, ప్రతి చుట్టులో పెంపు కింది పెంపు మీదే పడితే చాప ఆరు మూలలుగా వస్తుంది. 18 నుంచి 24కి వెళ్లే చుట్టులో మొదట ఒక్కటే అల్లి పెంచండి, తర్వాత రెండు అల్లి పెంచడం ఐదుసార్లు, చివర ఒకటి. మూలలు మాయమవుతాయి.

మొదలుపెట్టే ముందు సూది మీద కుట్లు లెక్కపెట్టి, పెంచాల్సిన చోటల్లా వేరే రంగు దారం ముక్క వేలాడదీసి చూడండి. ముక్కలు 14 ఉంటేనే అల్లడం మొదలుపెట్టండి.