కిడ్నీ జబ్బు, కాలికి అందని రక్తం, మూలకణాలు: ఏం చదవాలి?

ప్రశ్న: మాది ఉద్దానం. శ్రీకాకుళంలో బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో ఏడాది చదువుతున్నాను. నాన్నకు మూడేళ్లుగా డయాలిసిస్. ఇప్పుడు కాలికి రక్తం అందక బొటనవేలి పుండు మానడం లేదు. మూలకణాల (స్టెమ్ సెల్స్, అంటే వేరే రకం కణాలుగా మారగల కణాలు) చికిత్సతో తగ్గుతుందని విన్నాం. నేను అందులోనే పరిశోధన చేయాలనుకుంటున్నాను. దారి చెప్పండి.

జవాబు: అమ్మా, ముందు నాన్నగారి కాలు సంగతి చూడండి. ఈ వారమే వాస్క్యులర్ సర్జన్‌కు (రక్తనాళాల శస్త్రచికిత్స చేసే డాక్టర్‌కు) చూపించండి. మూసుకుపోయిన రక్తనాళాన్ని బెలూన్‌తోనో బైపాస్‌తోనో తెరవగలమా అని వాళ్లు పరీక్షిస్తారు. కాలికి రక్తం తీవ్రంగా తగ్గినవారి కోసం బెంగళూరులో తయారైన స్టెంప్యూసెల్ అనే మూలకణాల మందుకు మన దేశంలో 2020లో అనుమతి వచ్చింది. దాతల ఎముక మజ్జ నుంచి పెంచిన కణాలను పిక్క కండరంలోకి ఎక్కిస్తారు. అది నాన్నగారికి పనికొస్తుందో లేదో ఆ డాక్టరే చెప్పాలి. ఎవరైనా 'ట్రయల్' (కొత్త చికిత్సను రోగులపై పరీక్షించే అధ్యయనం) అంటూ లక్షలు అడిగితే మాత్రం అక్కడి నుంచి వచ్చేయండి. ట్రయల్లో చేరిన రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు.

ఇక మీ చదువు. మీరు ఎంచుకున్న ప్రశ్న చాలా విలువైనది. కిడ్నీలు వడపోయలేని పీ-క్రెసాల్, ఇండాక్సిల్ సల్ఫేట్ లాంటి వ్యర్థాలు రక్తంలోని ప్రొటీన్‌ను అంటిపెట్టుకుని ఉంటాయి. అందుకే డయాలిసిస్‌లో కూడా సరిగా పోవు. రోగి సొంత మూలకణాలు ఆ రక్తంలో ముందే నీరసించి ఉంటాయి. బయటి నుంచి ఎక్కించినవి కూడా అక్కడ ఎక్కువ కాలం నిలవలేవు. దక్షిణ కొరియాలోని సూన్‌చున్‌హ్యాంగ్ విశ్వవిద్యాలయం వాళ్లు మూలకణాలను ముందుగా మెలటోనిన్‌తో (నిద్రకు సాయపడే హార్మోన్) సిద్ధం చేసి, కిడ్నీ జబ్బు ఉన్న ఎలుకల కాళ్లలోకి ఎక్కించారు. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పుంజుకుంది, కాళ్లలో రక్తప్రసారం మెరుగైంది. అయితే అది ఎలుకల్లో వచ్చిన ఫలితం. మనుషుల దాకా తేవడానికి ఇంకా చాలా చేతులు కావాలి, వాటిలో మీవీ ఉండొచ్చు.

ఈ ప్రశ్నలో కణాల పనీ, రక్తంలోని రసాయనాలూ కలిసే ఉన్నాయి. అందుకని 'స్టెమ్ సెల్' పేరున్న కోర్సు కోసం వెతకొద్దు. బయోకెమిస్ట్రీ, సెల్ బయాలజీ, ఇమ్యునాలజీ గట్టిగా పట్టండి. ఎమ్మెస్సీకి గ్యాట్-బీ (బయోటెక్నాలజీ పీజీ ప్రవేశ పరీక్ష) రాయండి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో బయోటెక్నాలజీ సీటు దాని ద్వారానే. తర్వాత సీఎస్‌ఐఆర్-నెట్ అనే జాతీయ స్థాయి పరీక్ష. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, పీహెచ్‌డీ ఇంటికి భారం కాదు. కణ పరిశోధన సంస్థలైన హైదరాబాద్ సీసీఎంబీ, బెంగళూరు ఇన్‌స్టెమ్, ఇంకా వెల్లూరులోని మూలకణ పరిశోధన కేంద్రం మీ దృష్టిలో ఉండాలి. పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుంది. ఇంట్లో తొందరగా జీతం కావాల్సి వస్తే, ఎమ్మెస్సీ అయ్యాక కణాలు తయారుచేసే కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగాలకు కూడా ప్రయత్నించవచ్చు.

నేను విద్యార్థులను ముందుగా అడిగేది మార్కులు కాదు, చేత్తో కణాలు పెంచారా అని. ఫ్లాస్కులో కణాలకు ఆహారమైన గులాబీ రంగు ద్రవం పసుపు రంగుకి తిరిగితే కణాలు ఎదురుచూస్తున్నట్టే, ఆదివారమైనా వెళ్లి ఆ ద్రవం మార్చాలి. మసకబారితే బ్యాక్టీరియా చేరినట్టు, వారాల పని పారబోసి మళ్లీ మొదలుపెట్టాలి. దీనికి మనసు ఒప్పుతుందో లేదో ఇప్పుడే తెలుసుకోవడం మంచిది.

అందుకు మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్ ఉంది, రెండు నెలలు నిజమైన ల్యాబ్‌లో పనిచేయొచ్చు. నోటిఫికేషన్ శీతాకాలానికి ముందే వస్తుంది, చూస్తూ ఉండండి. ఏ విషయం మీద పనిచేయాలనుకుంటున్నారో రాయమంటారు. అక్కడ గొప్ప మాటలు వద్దు, నాన్నగారి మానని బొటనవేలి గురించే రాయండి.